పసుపు చేప నల్లబడింది

కామారెడ్డి రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో లతీఫ్‌కు ఒక రంగు చేపల దుకాణం ఉంది. ఒకటే షట్టరు, మూడు గోడలకూ గాజు తొట్లు. షార్జాలో ఇలాంటి దుకాణంలోనే ఏళ్ల తరబడి పనిచేసి, ఆ పనితనంతో తిరిగొచ్చి పెట్టుకున్నాడు. వేలెడు పొడవు కూడా లేని పిల్ల చేపను చూసి, పెద్దయ్యాక అది ఏ రకం అవుతుందో చెప్పేవాడు. సిక్లిడ్లనే రంగు చేపల జాతిలో అది తేలికైన పని కాదు. చిన్నప్పుడు సగం రకాలు ఒకటే బూడిద రంగులో ఉంటాయి. కొన్ని ఒక రంగులో పుట్టి ఇంకో రంగులోకి మారతాయి. రెక్క మీద గీతో, మూతి వాలో చూసి గుర్తుపట్టాలి.

ఆ చూపును షుగరు తినేసింది. హైదరాబాద్ తీసుకుపోయి కళ్లలోకి సూదులు వేయించారు, లేజరు పెట్టించారు. వెలుతురు తెలుస్తోంది, రంగు మసకగా తెలుస్తోంది. గీతలు మాత్రం తెలియవు.

అప్పటి నుంచి దుకాణం భార్య తస్లీమా మీద పడింది. నీళ్లు మార్చడం, తొట్లు తోమడం, చచ్చిన వాటిని ఏరి పారేయడం, కరెంటు పోతే ఇన్వర్టరు దగ్గరికి ఉరకడం. పొద్దు గూకేసరికి భుజాలు తనవి కానట్టుండేవి. ఇంటికి పోయాక రొట్టెలు చేయాలి, ఆయనకు సూది వేయాలి. రకం పేరు చెప్పే పని ఒక్కటే ఇంకా లతీఫ్ దగ్గరుంది. దాన్ని ఆయన వదులుకోలేదు, ఆమె అడగలేదు.

వానాకాలం మొదట్లో హైదరాబాద్ నుంచి పసుపు పచ్చని చేప పిల్లలు ఒక సంచి నిండా వచ్చాయి. సంచి మీద పేరు రాసిన సిరా చెమ్మకు కరిగిపోయింది. లతీఫ్ సంచిని ముఖానికి ఆనించుకున్నాడు.

"ఎల్లో ల్యాబ్," అన్నాడు. "నెమ్మదైన చేప. మంచిగ అమ్ముడు పోతది."

ఇంట్లో ఎంత ఉర్దూ అయినా, దుకాణంలో తెలుగే మాట్లాడాలన్నది ఆయన పెట్టిన నియమం. వచ్చినవాళ్లు తమ గురించే గుసగుసలాడుతున్నారని అనుకోకూడదట.

తస్లీమా సంచిని వెలుతురుకు ఎత్తి చూసింది. "వీపు రెక్క మీద నల్ల గీత లేదు. పసుపు గూడ నిమ్మకాయ లెక్క లేదు, జర నారింజ కొడుతుంది."

"పిల్లలు కద. గీత తర్వాత వస్తది."

ఆమెకు అనుమానం పోలేదు. కానీ అవతల నాలుగు తొట్ల నీళ్లు మార్చాలి. వాదించే ఓపిక లేక సంచి విప్పి చేపలను నీళ్లలోకి వదిలింది.

ఆ వారమే ఎల్లారెడ్డి నుంచి సలోమి వచ్చింది. అక్కడో ప్రైవేటు క్లినిక్‌లో నర్సు. రోగులు కూర్చునే చోట తొట్టి పెట్టిస్తానని డాక్టరు చెప్పాడట. "కొట్లాడని చేపలియ్యి అక్కా. ఆడికొచ్చేటోళ్లే భయంతోని వస్తరు," అంది. తస్లీమా ఒకసారి భర్త వైపు చూసింది. ఆయన నిబ్బరంగా "ఎల్లో ల్యాబ్ తీసుకపో, బిడ్డా" అన్నాడు. సలోమి ఆ పిల్లలనే కొనుక్కుపోయింది.

దసరా దాటాక సలోమి ఫోన్ చేసింది.

"అక్కా, ఒకటి నల్లగయింది! మిగతావాటిని తరిమి తరిమి కొరుకుతుంది. ఎవరో ముసలవ్వ నీళ్లల్ల విషముందన్నదట, రోగులు తొట్టి పక్క కుర్చీలల్ల కూసుంటలేరు. సారు తీసి పారేయమంటుండు."

లతీఫ్ తానూ వస్తానని పట్టుబట్టాడు. బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి తస్లీమాకు జీరో టికెట్టు, ఆయనకు డబ్బుల టికెట్టు. ఎవరో లేచి ఆయనకు సీటిచ్చారు. లింగంపేట దాటేదాకా ఆమె కమ్మీ పట్టుకుని నిలబడే కునుకు తీసింది.

క్లినిక్‌లో తొట్టి ముందు ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్లలో ఏదో నల్లది కదులుతున్నట్టు మాత్రం తెలిసింది.

"ఎట్లున్నది చెప్పు," అన్నాడు మెల్లగా.

"నలుపు గాదు. దగ్గరికెళ్లి చూస్తే ముదురు నీలం. పక్కన రెండు లేత నీలం గీతలు."

"నిలువా, అడ్డమా?"

"తల నుంచి తోక దాక."

"మిగిలినవి?"

"నారింజ పసుపే. ఒకదాని తోక చినిగింది, మోటరు ఎనక దాక్కుంది."

లతీఫ్ గాజుకు ముఖం ఆనించాడు. "ల్యాబ్ గాదు, ఇది జొహానీ రకం," అన్నాడు. "పిల్లలప్పుడు అన్నీ పసుపే. మగది పెద్దగయితే గిట్ల నీలం తిరుగుతది, కొట్లాడుతది. రోగం గాదు సలోమీ, విషం గాదు. దాని గుణమే అది. మేమే తప్పు పేరు చెప్పి ఇచ్చినం."

తస్లీమా ఆ "మేమే"ను విన్నది. కొంగు దోపుకుని, వల ముంచి, ఆ నీలం చేపను పట్టడానికి తంటాలు పడింది. అది రాళ్ల సందుల్లోకి దూరుతూనే ఉంది. రాళ్లన్నీ తీసి, పట్టి, మళ్లీ పేర్చేసరికి జాకెట్టు మోచేతుల దాకా తడిసిపోయింది. ఆడవాటిని ఉంచుకుంటానంది సలోమి. డాక్టరుకు తాను నచ్చజెప్పుకుంటానంది. ఇద్దరికీ చాయ్ తెప్పించింది, ఒకటి చక్కెర లేకుండా.

తిరుగు బస్సులో పక్కపక్కనే సీట్లు దొరికాయి. చేప ఉన్న సంచిని తస్లీమా ఒళ్లో పెట్టుకుంది.

"గీత లేదని నువ్వు ఆనాడే చెప్పినవు," అన్నాడు లతీఫ్.

"చెప్పిన."

"ఇగ నుంచి పేరు నువ్వే చెప్పు. నన్ను అడిగితే నీ దిక్కు చూపిస్త."

ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాటేమో అది. కానీ సంతోషం రాలేదు. నీళ్లు, తొట్లు, సూదులు, రొట్టెలు, ఇప్పుడు ఇదొకటి. ఆయన చేతిలో మిగిలిన చివరి పనిని కూడా తానే లాక్కున్నట్టనిపించింది. "మీరు పక్కన కూసోండ్రి. నేను చూసింది చెప్త, మీరు ఇనుండ్రి," అంది. ఆయన తల ఊపాడు. కాసేపటికి ఆయన తల ఆమె భుజం మీదికి వాలింది. నొప్పి పుట్టే భుజమే అయినా కదపలేదు.

మరుసటి వారం బూడిద రంగు పిల్లల సంచి వచ్చింది. మాచారెడ్డి నుంచి వచ్చిన ఒకాయన అవి ఏ రకమని అడిగాడు. లతీఫ్ భార్య వైపు చెయ్యి చూపించాడు. తస్లీమా ఒక్కో రెక్కా చూసి, కనిపించింది లతీఫ్‌కు వినబడేలా చెప్పింది. అవి ఏ రకమో ఇద్దరికీ తేలలేదు.

"ఇప్పుడే చెప్పలేమన్నా," అంది. "చలికాలం పోయినంక రా. అప్పటికి పెరుగుతయి."

వచ్చినాయన ఏమీ కొనకుండానే వెళ్లిపోయాడు. ఆమె బకెట్టు అందుకుంది.