కరివేపాకు చెట్టుకి నా సున్నం వైద్యం

ఆ రోజుల్లో, అంటే వ్యవసాయ డిప్లొమాలో చేరి నాలుగు నెలలైన రోజుల్లో, నాకు తెలియనిది భూమ్మీద లేదనుకునేదాన్ని. (ఇప్పుడు మట్టి పరీక్షలే నా ఉద్యోగం, అయినా అంత నమ్మకం మళ్లీ రాలేదు.) రాజమండ్రిలో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. వీధిలో సగం ఇళ్ల తాలింపు ఆవిడ పెరట్లోని కరివేపాకు చెట్టు మీదే నడిచేది. "రెండు రెబ్బలివ్వండి పిన్నిగారూ" అని ఎవరైనా గేటు దగ్గర పిలిస్తే ఆవిడ మొహం వెలిగిపోయేది. బజార్లో కరివేపాకు కొనడమంటే ఆవిడకు మహా నామోషీ.

ఒక ఆదివారం పొద్దున్నే ఆ చెట్టు మొదట్లోని తడిమట్టికి నీలం లిట్మస్ కాగితం ఆనించాను. ఎర్రబడింది. నాకెంత సంతోషమో! "పెద్దమ్మా, నీ మట్టిలో ఆమ్లం ఎక్కువైంది. సున్నం వేయకపోతే చెట్టు దక్కదు" అని తీర్పు చెప్పేశాను.

"ఇన్నేళ్లూ బాగానే ఉంది కదే."

"అది నీ అదృష్టం. ఇది సైన్సు."

చదువుకుంటున్న పిల్ల మాట కాదనలేక, గోడలకు వేయగా మిగిలిన సున్నం చూపించింది. ఎంత వేయాలన్న పాఠం మాకింకా చెప్పలేదు కాబట్టి, దోసిళ్లతో ధారాళంగా పోశాను.

కొన్ని వారాలకు ఆకు పసుపు రంగుకు తిరిగి, రాలడం మొదలుపెట్టింది. దిగులుగా చూస్తుంటే పెద్దమ్మ చెంబుతో వచ్చింది.

"అదేంటి?"

"పుల్లమజ్జిగే. రోజూ పొద్దున్నే ఇది పోస్తేనే కదా కరివేపాకు గుబురుగా వచ్చేది!"

"నేను కాగితం పెట్టిన రోజు కూడా పోశావా?"

"నువ్వు లేవకముందే పోశాను."

నేను పరీక్ష చేసింది మట్టికి కాదు, మజ్జిగకి! (ఆ ఎర్రకాగితాన్ని నోటుబుక్కులో అంటించుకున్నాను కూడా.) ఏడుస్తూ అంతా చెప్పేశాను. "పోన్లేవే, నీది మొదటి ఏడాదేనని చెట్టుకేం తెలుసు" అని నవ్వేసింది.

అంతలో గేటు దగ్గర పక్కింటావిడ. "కరివేపాకండీ..."

"లేదమ్మా. ఎడాపెడా కోసేసి నేనే పాడుచేశాను. కాస్త కోలుకోనివ్వండి" అంది పెద్దమ్మ, నావైపు చూడకుండా. ఆ సాయంత్రం బజారు నుంచి వచ్చి, సంచీ అడుగున దాచిన కరివేపాకు కట్ట తీసింది.

పై మట్టి తీసేసి, కొత్త మట్టీ పశువుల ఎరువూ వేశాం. వానలకు చెట్టు చిగురించింది. అంతా మజ్జిగ మహిమేనంది పెద్దమ్మ.

ఇప్పుడు ఎవరు మట్టి తెచ్చినా ముందుగా "ఇక్కడ ఏం పోస్తుంటారండి?" అని అడుగుతాను. మొన్నొక రైతు "ఇంత వివరంగా ఎవరూ అడగలేదండి, మీరు బాగా చదువుకున్నారు మేడమ్" అన్నాడు. నవ్వొచ్చింది. ఆ చదువుకి మా పెద్దమ్మ కట్టిన ఫీజు ఒక కరివేపాకు కట్ట అని ఆయనకేం చెప్పను?