ఆ అర్జీ మీద వేలిముద్ర నాది

మా ఊరి పశువుల డాక్టరు గారు పోయారన్న సంగతి నాకు పాల కేంద్రంలో తెలిసింది. క్యాను మూత తీసి వరసలో నిలబడి ఉన్నాను. కేంద్రం నడిపే అతను పాలల్లో లాక్టోమీటరు వేస్తూ, "డాక్టరు గారు తెల్లారగట్ట పోయారంట. నిద్దట్లోనే పోయారంట" అన్నాడు. మంచాన పడకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళిపోయారని విని ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది.

అంతలో నా వెనక ఉన్న పొరుగూరి మనిషి, "మంచోడే గానీ, ఆఖర్లో ఎవరిదో గేదెను చంపాడని ఆయన మీద కంప్లయింటు పడింది గదా" అన్నాడు.

"అదా! ఇదిగో, ఈ మామ్మ చేతే వేలిముద్ర వేయించారులే ఎవరో. పాపం, చదువు రాదు గదా" అన్నాడు కేంద్రం అతను, నన్ను వెనకేసుకొస్తున్నానని అనుకుంటూ.

క్యాను అక్కడే పెట్టి ఇద్దరినీ కడిగేశాను. డాక్టరు గారు ఏ గేదెనూ చంపలేదు. నా చేత ఎవరూ ఏమీ వేయించలేదు. పాల కేంద్రంలో నలుగురికి చెబితే చాలదనిపించి, ఇప్పుడు నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. పాడి సంఘం వాళ్ళు అచ్చు వేస్తామన్నారు. గొడ్డూ గోదా ఉన్నవాళ్ళు చదవండి. నాలాంటి వాళ్ళుంటే చదివించుకోండి.

ఆయన మా ఊరి ఆస్పత్రికి వచ్చినప్పుడు నాకింకా తల పూర్తిగా నెరవలేదు. గొడ్ల సావిట్లోకి వస్తే బయటే చెప్పులు విడిచేవారు. మనుషుల్ని పలకరించే ముందు గేదె చెవి పట్టుకుని చూసేవారు, వెచ్చగా ఉందా, చల్లగా ఉందా అని. తర్వాత పేడ చూసేవారు. ఆ తర్వాతే, "ఆఁ మామ్మగారూ, ఎలా ఉన్నారు?" అనేవారు. "గేదె తర్వాతా నేను?" అంటే, "మీకు నోరుంది కదండీ. ఊరంతటికీ వినబడే నోరు" అనేవారు.

నాది ఎకరం కౌలు, రెండు గేదెలు. మా ఆయన పోయాక నన్ను నిలబెట్టింది ఆ గేదెలే. వరి కోశాక మినుము చల్లుకునేదాన్ని. ఒకసారి మినుముకు పురుగు మందు కొట్టించి, మర్నాడే ఆ చేని గట్టు మీద గడ్డి కోసి నెత్తిన పెట్టుకొస్తున్నాను. ఆయన బండి ఆపి, మోపు వాసన చూసి, దాన్ని నా నెత్తి మీద నుంచి లాగి మురుగు బోదెలో పడేశారు. నడిరోడ్డు మీద నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేం. మా కోడలు ఇప్పటికే నవ్వుతోంది. ఆయన మాత్రం, "మందు కొట్టిన చేని గట్టు గడ్డి పదిహేను రోజులు ముట్టుకోవద్దు. తిట్టడం అయిపోతే రండి, మా పెరట్లో గడ్డి కోసుకుందురు గాని" అన్నారు. వెళ్ళి కోసుకున్నాను. కోస్తూ కూడా తిట్టాను.

ఇప్పుడు గేదె సంగతి.

పెద్ద గేదె ఈనింది. మా వైపు ఈనిన ఇంట్లో జున్నుపాలు వాడంతా పంచాలి. ఒక్క గడప తప్పినా మాటొస్తుంది. నేను ఇరవై ఇళ్ళకు పంచే మనిషిని. మొదటి మూడు రోజులూ పొదుగు ఖాళీ చేస్తే గేదె ఒంట్లో కాల్షియం పడిపోతుందని, సగం పాలు పొదుగులోనే ఉంచమని డాక్టరు గారు ఎన్నోసార్లు చెప్పారు. మాయ పడేదాకా ఆగకుండా గంటలోపే దూడకు జున్నుపాలు తాగించమని కూడా చెప్పారు. "గొడ్లను నాకన్నా ముందు చూశాడా ఈయన" అనుకున్నాను. దూడను కట్టేసి, ఆఖరి చుక్క దాకా పిండి పంచాను. రెండో రోజు తెల్లవారేసరికి గేదె లేవలేకపోయింది. మెడ డొక్క వైపు తిప్పేసి, చెవులు చల్లబడి, కొయ్యలా పడి ఉంది.

డాక్టరు గారికి కబురు పెట్టాను. ఆయన వచ్చేలోగా చేతులు ఊరుకోలేదు. అజీర్తి అనుకుని, దాని తల పైకెత్తి పట్టి వెదురు గొట్టంతో ఆముదం పోశాను. దగ్గింది. మళ్ళీ పోశాను. బండి చప్పుడు వినబడగానే గొట్టం తీసుకెళ్ళి గడ్డివాములో దోపాను.

ఆయన దాని మూతి చూసి, "గొట్టంతో ఏమైనా పోశారా మామ్మగారూ?" అన్నారు.

"ఏమీ పోయలేదండీ."

మూతి మీద జిడ్డు మెరుస్తూనే ఉంది. వేలితో తుడిచి వాసన చూశారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ లేదన్నాను.

నరానికి సూది గుచ్చి కాల్షియం ఎక్కించారు. గంట తిరక్కుండా గేదె లేచింది. "ఊపిరి చూస్తూ ఉండండి. ఎగపోస్తే అరక్షణం ఆగకుండా పిలవండి" అని చెప్పి వెళ్ళారు. మూడో రోజు ఎగపోసింది. ఆయన రెండు పూటలా వచ్చి ఇంజెక్షన్లు చేశారు. నా గేదె ఆయన చేతుల్లోనే పోయింది. ఇంటిముందు జనం పోగయ్యారు. "సూది వేసి చంపాడు" అని అరిచాను. ఆయన చేతులు కడుక్కుని, సంచీ సర్దుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు నా కాళ్ళ మీద నేనే నడిచి వెళ్ళి, మండలాఫీసు ముందు అర్జీలు రాసే అతని దగ్గర కూర్చుని, మాట మాటా చెప్పి రాయించాను. "తాగి వచ్చాడని కూడా రాయమంటావా?" అన్నాడతను. "అది రాయొద్దు. ఆయన తాగడు" అన్నాను. రాసింది చదివి వినిపించమన్నాను. విని, వేలిముద్ర వేశాను. చదువు రాని దానికి ఏం తెలుసులే అంటున్నారే, వాళ్ళ కోసమే ఇదంతా చెబుతున్నాను. ఆ కాగితంలో ఏముందో నాకు బాగా తెలుసు.

విచారణ పెట్టారు. ఆయన రిటైర్మెంటుకు అప్పటికి ఇంకా నాలుగు నెలలే. విచారణ తేలకుండా దిగిపోతే, ఎన్నో ఏళ్ళ కొలువు గేదెను చంపిన డాక్టరన్న పేరుతో ముగిసేది. ఆ సంగతి వాడలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ రెండు నెలలు నోరు విప్పలేదు.

అప్పుడు చిన్న గేదె ఈనింది. ఒక గేదె పోయేసరికి మామ్మ చెయ్యి ముడుచుకుందని ఎవరైనా అంటారేమోనని దీని పాలూ ఆఖరి చుక్క దాకా పిండి పంచాను. నా పౌరుషం అలాంటిది. రెండో రోజు ఇదీ పడిపోయింది. మెడ అలాగే డొక్క వైపు తిప్పేసింది. పక్కింటావిడ ఆముదం, గొట్టం పట్టుకొచ్చింది. గొట్టం చూడగానే నాకు పెద్ద గేదె దగ్గిన దగ్గు వినబడింది. ఆమెను కసిరి పంపేసి ఆస్పత్రికి పరుగెత్తాను.

ఆయన రాసుకుంటున్నారు. నన్ను చూసి కలం పక్కన పెట్టారు.

"డాక్టరు గారూ..." అన్నాను. నా జన్మలో అంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఎన్నో రోజు?"

"రెండండీ."

సంచీ తీసుకుని బండి స్టార్టు చేశారు. "ఎక్కండి. ఈసారి వాడలో ఎవరికైనా జున్ను అందలేదా?" అన్నారు.

సావిట్లోకి వచ్చి, ఎప్పటిలా చెప్పులు విడిచి, చెవి పట్టుకుని చూశారు. "గొట్టంతో ఏమైనా పోశారా?"

"ఈసారి లేదండీ" అన్నాను. అన్నాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. ఆయన సూది పట్టుకుని అలాగే ఆగారు. "పోయినసారి పోశానండీ. ఆముదం. రెండుసార్లు" అన్నాను.

"తెలుసు" అన్నారు ఆయన, నరం వెతుక్కుంటూ. "పడిపోయిన గేదెకు మింగే సత్తువ ఉండదు మామ్మగారూ. పోసింది పొట్టలోకి వెళ్ళదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది."

"తెలిస్తే ఆఫీసులో ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు పోస్తుంటే నేను చూశానా? చూడనిది ఎలా రాయను? సీసా పైకెత్తి పట్టుకోండి."

పట్టుకున్నాను. సీసా ఖాళీ అయ్యేదాకా ఆయన దాని గుండె మీద చెయ్యి తీయలేదు. కాసేపటికి గేదె ఒళ్ళు జలదరించింది, పేడ వేసింది, ముందు కాళ్ళు కూడదీసుకుని లేచి నిలబడింది. "ఇప్పుడు దూడను వదలండి. మీరు మాత్రం పొదుగు ముట్టుకోకండి" అన్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, హనుమాన్ జంక్షన్లో మారి బెజవాడ వెళ్ళాను. గవర్నర్‌పేటలో నలుగురిని అడిగి పశువుల శాఖ ఆఫీసు పట్టుకున్నాను. మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల పెద్దాఫీసరు అంతా విని, "చదువు రాని మీ చేత ఎవరో రాయించారన్నమాట. అలా అని రాసుకుంటాను, మీకే ఇబ్బందీ ఉండదు" అన్నాడు.

"అలా రాయకు బాబూ. చదివించుకునే వేశాను. అందులో అబద్ధం నేను చెప్పిందే. ఆముదం పోసింది నేను, దాచింది నేను. అలాగే రాసి, చదివి వినిపించు" అన్నాను.

రాశాడు, వినిపించాడు, వేలిముద్ర వేశాను. బయటికొచ్చి రోడ్డు పక్కన నిమ్మసోడా తాగాను. ఆటోలు నా మీదికే వస్తున్నాయి. అయినా ఒళ్ళు దూదిపింజలా ఉంది. గేదె లేచినప్పుడు కూడా అంత తేలిక పడలేదు.

ఆయన మచ్చ లేకుండా రిటైరయ్యారు. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తుకోలేదు. ఊళ్ళోనే ఉండిపోయి, పిలిస్తే వచ్చేవారు, పిలవకపోయినా వచ్చేవారు. మా సావిడి ముందు బండి ఆపి, "మామ్మగారూ, పొదుగులో సగం ఉంచారా?" అని కేక వేసేవారు. "ఉంచాను, ఉంచాను, మీ పని మీరు చూసుకోండి" అనేదాన్ని. ఇప్పుడు మా వాడలో జున్ను నాలుగో రోజున, గిన్నెతో కాకుండా గ్లాసుతో పంచుతున్నాం. ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోవడం లేదు.

పాల కేంద్రం నుంచి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. ఎనిమిది ఊళ్ళ జనం ఉన్నారు. ఆయన కాళ్ళ దగ్గర నిలబడి, పెద్ద గేదె ఎలా చచ్చిందో అందరికీ వినబడేలా చెప్పాను. ఆయన అన్నట్టు నాకు నోరుంది. ఆయన కూతురు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నాన్న మాకెప్పుడూ చెప్పలేదు మామ్మా, అది మీ గేదె అని" అంది.

ఆడవాళ్ళం కాలవ వంతెన దాకా పాడె వెంట వెళ్ళాం. సరిగ్గా అప్పుడే కాలవలో నుంచి గేదెల మంద గట్టెక్కింది. కర్రెత్తబోయిన కాపరిని మోసేవాళ్ళలో ఒకరు వద్దన్నారు. పాడె భుజాల మీద పెట్టుకుని అందరూ అక్కడే నిలబడ్డారు. ఒళ్ళంతా నీళ్ళోడుతూ గేదెలు రెండు పాయలుగా చీలి, ఆయనకు అటొకటి ఇటొకటి, తోకలతో ఈగలు తోలుకుంటూ, దేనికీ బెదరకుండా తీరిగ్గా నడిచి వెళ్ళాయి.