పూజ రోజు డ్యూటీ

పోలీసు స్టేషనులో రైటరంటే కథలు రాసేవాడు కాదు. ఫిర్యాదులు రాసుకుంటాడు, రికార్డులు సర్దుతాడు, ఎవరికి ఏ రోజు ఎక్కడ డ్యూటీయో పట్టీ వేస్తాడు. సిరుగుప్ప తాలూకాలో కాలువ నీళ్ళకు వరి పండే ఊళ్ళ మధ్య ఒక చిన్న స్టేషనులో ఆ పని నాది. ఎస్సైలు వస్తుంటారు, పోతుంటారు. నేను వేసిన పట్టీ మీద చూడకుండానే సంతకం పెడతారు. అది తల్చుకుని మీసం మెలేసిన రోజులు చాలా ఉన్నాయి.

సమానత్వం మీద ఒకరోజు శిక్షణ, ఒక్కో స్టేషను నుంచి ఇద్దరు రావాలి, పండుగ రోజుల డ్యూటీ పట్టీలు మూడేళ్ళవి వెంట తేవాలి అని బళ్ళారి నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. దొంగల్ని పట్టుకోవడం మానేసి ఇక బళ్ళో కూర్చోవాలా అనుకున్నాను. ఇద్దరి పేర్లు నేనే రాశాను. ఒకటి నాది. రెండోది మా స్టేషనులో ఉన్న ఒకే ఒక్క మహిళా కానిస్టేబుల్‌ది. ఆమెది కేరి. ఊరి చివర దళితులుండే వాడను మా వైపు అలాగే అంటాం. ఆమె పేరెందుకు రాశానో ఇప్పుడు దాచి లాభం లేదు. ఇలాంటి శిక్షణలు వాళ్ళ కోసమే కదా అనుకున్నాను.

శిక్షణ ఇచ్చింది ఒక లాయరు మేడం. బక్క మనిషి, గొంతు మాత్రం గట్టిది. మొదటి ప్రశ్నే, మీ స్టేషనులో కులం చూసి తేడా చేయడం ఉందా అని. హాలులో అందరూ తలలు దించుకున్నారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. లేచి నిలబడి, మా దగ్గర ఆ మాటే లేదు మేడం, అందరం ఒకే చోట కూర్చుని తింటాం అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. పక్కకు తిరిగి ఆమెను సాక్ష్యం అడిగాను.

“ఏమ్మా, మన స్టేషన్లో అట్లాంటిది ఏమన్నా ఉండాదా?”

ఆమె లేచింది. “లేదు సార్” అంది. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. నేను దర్జాగా కూర్చున్నాను.

తర్వాత మేడం ఒక పని చెప్పింది. తెచ్చుకున్న పట్టీలు తీసి, ఒక్కొక్క పండుగకు ఎవరి పేరు ఎక్కడుందో చూడమంది. నేను సెలవుల లెక్క కాబోలనుకుని కాగితాలు ముందుకు జరిపాను. మా కానిస్టేబుల్ వాటిని ఒక్కొక్కటే తిరగేయలేదు. ఎక్కడుందో ముందే తెలిసినట్టు మూడు కాగితాలు తీసి, ఒకదాని పక్కన ఒకటి పరిచింది. మూడూ ఆయుధపూజ రోజువే.

దసరాలో ఆ రోజు మా స్టేషనుకు పెళ్ళికళ వస్తుంది. తుపాకులు, లాఠీలు, బేడీలు, జీపు, చివరికి నా బీరువా తాళాలు కూడా తుడిచి కుంకుమ పెడతాం. ఊళ్ళోంచి పూజారి వస్తాడు. సిబ్బంది ఇళ్ళవాళ్ళు కొత్త బట్టలు కట్టుకుని వస్తారు. మూడేళ్ళూ ఆ రోజు ఆమెకు బస్టాండు బందోబస్తు. మూడు కాగితాల మీదా నా అక్షరాలే.

మేడం వచ్చి మా బల్ల దగ్గర నిలబడింది. ఇది ఎవరు వేశారని అడిగింది. నేనే అన్నాను. ఎందుకని అడిగింది. పండుగ రద్దీలో ఆడవాళ్ళ కోసం బస్టాండులో మహిళా కానిస్టేబుల్ ఉండాలి కదా మేడం అన్నాను. మేడం మిగతా కాగితాలు తిరగేసి, మరి ఉగాదికి, వినాయక చవితికి ఈమెను స్టేషనులోనే ఉంచారే, అప్పుడు బస్టాండులో ఆడవాళ్ళు ఉండరా అంది. హాలులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇరవై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ అబద్ధాలు రాసుకున్నవాణ్ణి, నా అబద్ధం రెండు నిమిషాలు నిలబడలేదు.

నిజమేమిటంటే అలా వేయమని నాకు ఎవ్వరూ చెప్పలేదు. ఎస్సై చెప్పలేదు, పూజారి చెప్పలేదు. ఆమె చేరిన మొదటి ఏడు, పూజారి ఏమైనా అంటే ఆమె నొచ్చుకుంటుందేమో, ఎందుకొచ్చిన గొడవ అని నా అంతట నేనే ఆమె పేరు బస్టాండుకు వేశాను. పైగా మంచి పని చేశానని ఆ రోజు తృప్తిగా భోంచేశాను. తర్వాతి రెండేళ్ళూ ఆలోచించనైనా లేదు, పాతదాన్ని చూసి దించేశాను.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేనే ముందు, తప్పయిపోయిందమ్మా, నీకు ఇబ్బంది ఎందుకని అట్లా చేసినా అన్నాను.

“నన్ను ఒక్క మాట అడిగింటే చెప్పుంటి కదా సార్” అంది కిటికీలోంచి చూస్తూనే. “మా అమ్మ కూలికి పోయి నన్ను చదివించింది. స్టేషన్లో పూజ చూడాలని, అందరి మధ్య నన్ను చూడాలని ఆయమ్మకు ఆశ. ఈసారి పిలుస్తా, ఈసారి పిలుస్తా అని మూడేండ్ల నుంచి చెప్తానే ఉండా. డ్యూటీ పడిందంటే నమ్మింది. పోయినేడు మాత్రం, ఏటేటా ఆ డ్యూటీ నీకే యాల పడ్తాది అని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటా సార్? పండగ యాడికి పోతాదిలే అని మాట మార్చేస్తి.”

ఆ దసరాకు పట్టీలో స్టేషను డ్యూటీ కింద మొదటి పేరు ఆమెదే రాశాను. మీ అమ్మను తప్పకుండా పిల్చుకుని రామ్మా అని రెండుసార్లు చెప్పాను. పట్టీ గోడకు అంటించి, కాస్త దూరం జరిగి చూసుకున్నాను కూడా. నా బుద్ధి అలాంటిది.

తల్లి హచ్చొళ్ళి అవతలి పల్లె నుంచి పొద్దున్నే బస్సులో వచ్చింది. ఉతికి మడత పెట్టిన చీర, తలకు నూనె. కూర్చోమని కుర్చీ వేస్తే కూర్చోలేదు, కూతురి వెనకే నిలబడింది. పూజారి వచ్చాడు, మంత్రాలు చదివాడు, జీపు ముందు గుమ్మడికాయ కొట్టించాడు. తల్లీకూతుళ్ళిద్దర్నీ చూశాడు, ఏమీ అనలేదు. మూడేళ్ళు నేను భయపడింది ఈయనకా అనుకున్నాను.

ప్రసాదం పంచడం నా వంతు. బొరుగులు, బెల్లం, కొబ్బరి ముక్కలు కలిపిన పళ్ళెం పట్టుకుని వరసగా ఇస్తున్నాను. ఎస్సైకి, డ్రైవరుకు, వాళ్ళ పిల్లలకు అరచేతిలో చెయ్యి ఆనించి పెట్టాను. తర్వాత మా కానిస్టేబుల్ వంతు. నా చెయ్యి పైకి లేచింది. జానెడు ఎత్తు నుంచి వదిలేశాను. సగం బొరుగులు ఆమె వేళ్ళకు తగిలి నేల మీద పడ్డాయి.

నేను కావాలని చేయలేదు. దేవుడి పటం అక్కడే ఉంది, ఒట్టేసి చెప్పగలను. చిన్నప్పుడు మా కళ్ళంలో కేరి కూలివాళ్ళకు మా నాయన చెయ్యి తగలకుండా అలాగే గింజలు వేసేవాడు, నేనూ అలాగే నేర్చుకున్నాను. ఆమె ఒక్కసారి నా ముఖంలోకి చూసింది. వంగి, యూనిఫాం మోకాలు నేలకు ఆనించి, పడిన బొరుగులు ఏరుకుంది.

ఆ వెనక తల్లి. అంతా చూసింది. చెయ్యి చాపలేదు. రెండడుగులు వెనక్కి జరిగి కొంగు పట్టింది.

“దీంట్లో ఎయ్యప్పా” అంది.

“చెయ్యి చాపు మా” అంది కూతురు, నేల మీంచి లేస్తూ.

తల్లి వినలేదు. కొంగు అలాగే పట్టుకుంది. కూతురు ఈసారి నా వైపు చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు, చెయ్యి చాపమ్మా అంటే చాలు. అందరూ చూస్తున్నారు. ఆ కొంగులోనే వేశాను.