నేను లొంగిపోయిన గుర్రపుడెక్క కేసు

ఆ రోజుల్లో మా వైపు ఊళ్ళలో ప్రతిదానికీ ఒక పార్టీ ఉండేది. టీ కొట్టుకు పార్టీ, మంగలి షాపుకు పార్టీ, చివరికి పిండిమరకు కూడా. ఏ పార్టీలోనూ చేరనిది నాకు తెలిసి చెరువు ఒక్కటే, అదీ నేను వెళ్ళేదాకా. ఇరవై మూడేళ్ళ వయసులో జమ్మలమడుగుకూ ముద్దనూరుకూ మధ్యనున్న ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. మా నాయన చెన్నూరులో మిషన్ బడి పంతులు. తప్పు చేస్తే దాచుకోకుండా ఒప్పేసుకోవాలని చిన్నప్పటి నుంచీ చెప్పి పెంచారు. (ఆ సలహాను ఏ ఊళ్ళో వాడాలో, ఏ ఊళ్ళో వాడకూడదో మాత్రం చెప్పలేదు.)

చేరిన ఏడాదే ఏదో పత్రికలో చదివి, చెరువును వారం వారం పరీక్షించే బృందం ఒకటి పెట్టాలని పూనుకున్నాను. ఊరంతా తాగేదీ, పొలాలకు పారేదీ ఆ నీళ్ళే మరి. ఊళ్ళో పైవీధిది ఒక పార్టీ, కిందవీధిది ఒక పార్టీ. పైవీధి పెద్దమనిషి మీసాలాయన, కిందవీధి పెద్దమనిషి కళ్ళద్దాల మామ. ఇద్దరూ చెరో ముగ్గురు మనుషుల్ని ఇచ్చారు. పరీక్ష అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. తెల్ల పింగాణీ పళ్ళేనికి తాడు కట్టి నీళ్ళలోకి దించి, ఎంత లోతుకు పోయాక కనబడకుండా పోతుందో చూసి రాసుకోవడం. పైవీధి వాళ్ళు "కనపళ్ళేదు" అనగానే కిందవీధి వాళ్ళు "మాకు కనపడతాంది" అనేవాళ్ళు. చెరువు ఒక్కటే అయినా నా రిజిస్టరులో రెండు గడులు గీయక తప్పలేదు. ఇది కాక ప్రతి శనివారం నా ఉపన్యాసం ఒకటి. "బయటి మొక్క ఒక్కటి పడినా చాలు, చెరువు నాశనమైపోతుంది. కనిపెట్టుకుని ఉండండి" అని చెప్పేదాన్ని. పాపం, కనిపెట్టుకునే ఉన్నారు.

మూడు నెలలకు, బడి వెనక చెరువు మెట్ల దగ్గర నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క మొక్క కనిపించింది. చూస్తుండగానే ఆ ఒడ్డంతా అల్లుకుపోయింది. మోటార్ల పైపులకు చుట్టుకుంది, నీళ్ళు వాసన కొట్టాయి. "మా మోటార్లు చెడగొట్టాలని పైవీధోళ్ళే ఏసినారు" అని కిందవీధి, "మా చేపలు సంపాలని కిందవీధోళ్ళే ఏసినారు" అని పైవీధి. పళ్ళెం దగ్గర మొదలైన మాట చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. మరుసటి ఉదయానికి చెరువు కట్ట రెండు చివర్లా రాళ్ళు కుప్పలు పడ్డాయి. ఆ ఊళ్ళో రాళ్ళు ఊరికే కుప్పపడవు.

రెండు పార్టీల మాటా అబద్ధమని నాకు తెలుసు. ఎందుకంటే ఆ మొక్కను వేసింది నేనే. బృందం పెట్టకముందు, నీటి మొక్కల పాఠం కోసమని, మా చెన్నూరు దగ్గర పెన్నలోంచి ఒక్క మొక్కను టిఫిన్ క్యారియర్ గిన్నెలో పెట్టుకుని, ఎర్రగుంట్లలో బస్సు మారి మరీ తెచ్చాను. పాఠం అయిపోయింది, మొక్క ఊదారంగు పువ్వు పూసింది. పారేయడానికి మనసొప్పక మెట్ల దగ్గర నీళ్ళలో వదిలి, "బతుకు తల్లీ" అన్నాను. బతికింది. (దాని కాడల్లో గాలి ఉంటుందని పాఠంలో రాశారు గాని, ఊరును తగలబెడుతుందని రాయలేదు.)

కట్ట మీద రెండు పార్టీలూ ఎదురెదురుగా నిలబడి ఉండగా మధ్యలోకి నడిచాను. ఉద్యోగం ఎలాగూ పోతుంది, వీపు కూడా దక్కదని తీర్మానించుకున్నాను. "ఎవరూ వేయలేదు. నేనే వేశాను. క్షమించండి" అన్నాను.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఫ్యాక్షన్ గొడవల్లో నేరం చేసేది ఒకరు, స్టేషన్‌కు పోయి లొంగిపోయేది ఇంకొకరు. పెద్దాయన ఎవరికి చెబితే వాడు పోయి "నేనే చేసినా" అనేవాడు. కాబట్టి తనంతట తానే ఒప్పుకునే మనిషి ఆ నేరం చేసి ఉండడని పసిపిల్లలకు కూడా తెలుసు.

మీసాలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవురు ఒప్పుకోమని పంపినారు మ్మా?"

"ఎవరూ పంపలేదండీ. నిజంగా నేనే."

"లొంగిపోయేటోళ్ళంతా ఇదే మాట చెప్తారు. నేర్పించినోడు బాగనే నేర్పించినాడు."

ఏడుపొచ్చి క్యారియర్ సంగతి, బస్సు సంగతి, పువ్వు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. కళ్ళద్దాల మామ జాలిగా తలాడించాడు. "క్యారియర్ గూడా సాక్ష్యం పెట్టినారే! సదువుకున్న ఆడబిడ్డను ముందుకు తోసి ఎనకాల దాక్కున్యారు. సిగ్గుండాల."

ఎవరు ఎవరిని అంటున్నారో నాకు ఇంటికొచ్చాక గాని అర్థం కాలేదు. నన్ను పంపింది కిందవీధి వాళ్ళేనని పైవీధి, పైవీధి వాళ్ళేనని కిందవీధి నమ్మాయి. అంటే అవతలి పార్టీ తప్పు ఒప్పుకుని తల వంచిందని ఇద్దరికీ ఖాయమైంది. గెలిచాక ఇంక కొట్లాటెందుకు? రాళ్ళు అక్కడే ఉండిపోయాయి, మనుషులు ఇళ్ళకు పోయారు. మర్నాడు "గెల్చినోళ్ళం మనమే గదా, మనమే తీసి చూపిద్దాం" అంటూ రెండు వీధులూ కొడవళ్ళతో చెరువులో దిగాయి. కొడవళ్ళు గుర్రపుడెక్క మీద పని చేయడం ఆ ఊళ్ళో అదే మొదలు. నేనూ చీర కుచ్చిళ్ళు దోపుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి పీకాను. "ఒకరి తప్పుకు ఈ పిల్ల ఎంత కష్టపడతాందో సూడు" అని అందరూ జాలిపడుతుంటే, సిగ్గుతో ఆ నీళ్ళలోనే మునిగిపోవాలనిపించింది.

మొన్న ప్రొద్దుటూరులో కంటి డాక్టరు దగ్గర బెంచీ మీద కూర్చుంటే, పక్కన ఒక ముసలాయన. మీసాలు తెల్లబడ్డాయి గాని తగ్గలేదు. నన్ను పోల్చుకున్నాడు. ఆ చెరువును ఇప్పటికీ ఏటా రెండు వీధులూ కలిసే శుభ్రం చేస్తున్నాయట. నా చెవి దగ్గరకు వంగాడు.

"ఇప్పుడన్నా నిజం చెప్పు టీచరమ్మా. కళ్ళద్దాలోడు గూడా పాయ. ఆ పొద్దు ఏం చెప్పి పంపినాడు నిన్ను?"

"నేనే వేశాను, అన్నా. క్యారియర్‌లో తెచ్చి వేశాను."

ఆయన కళ్ళు చెమర్చాయి. (డాక్టరు చుక్కల మందు వేసినందువల్ల కూడా కావచ్చు.) "ఇన్నేండ్లయినా మాట జారల్యా సూడు. శానా నమ్మకమైన మనిషివి మ్మా. మా పార్టీలో లేకపోతివే."

నడుం దాకా తడిసి, గుప్పిట్లో గుర్రపుడెక్క వేళ్ళు పట్టుకుని నిలబడిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. దానిమీద ప్రేమ పుట్టుకొచ్చింది. జీవితంలో అంత ధైర్యం మళ్ళీ నేనెప్పుడూ చేయలేదు. ఇక వాదించకుండా, ఆయన చెయ్యి పట్టుకుని నెమ్మదిగా డాక్టరు గదిలోకి నడిపించాను.