పాట్‌పైలో పడుగు గంజి

పోయిన నెల మా పెండ్లిరోజు నాడు ఏమైందో చెప్తా, టీ తాగుతా వినండి. కథ ముందే చెప్పేస్తా, దాచేదేం లేదు. ఆ పొద్దు మగ్గం పడుగుకు పట్టించాల్సింది మేం తిన్నాం, మేం తినాల్సింది పడుగు తాగింది. రెండింటికీ కారణం నేనే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నా ప్రేమ!

మాది మగ్గాల ఇల్లు. ఇంటర్ మధ్యలో ఆపేసి, నాయనతో పాటు నేను కూడా మగ్గం మీద కూర్చున్నా. చేతులు నేస్తాంటాయి, మనసు యాడికో పోతాంటాది. పక్కన ఫోన్ పెట్టుకొని వీడియోలు చూస్తాంటా. అట్లా ఒకటి కంటబడింది. బయట మంచు కురుస్తాంటాది. ఒకాయన చిన్న గిన్నె తెచ్చి భార్య ముందర పెడతాడు. గిన్నెకు మూత మాదిరి బంగారు రంగు రొట్టె. ఆమె స్పూన్‌తో పొడిస్తే గుప్పున ఆవిరి! లోపల చికెన్, చిక్కటి తెల్ల సాసు. చికెన్ పాట్‌పై అంట. ఒక ముద్ద నోట్లో పెట్టుకొని ఆమె మెల్లగా కండ్లు మూసుకుంటాది. అంతే. ఆ కండ్లు మూసుకునే చోటే నేను వెనక్కి జరిపి జరిపి పదిసార్లు చూసినా.

నా భార్య పద్మ ఒకసారి నా భుజం మీద నుంచి తొంగి చూసి, "ఎంత బాగుండాదో! మన ఇండ్లల్లో మొగోళ్లు ఇట్ల చేసి పెట్టేది యాడుంది లే" అనింది. ఏదో మాటవరసకు అనింది. నాకు మాత్రం గుచ్చుకుంది. మా కడప ఎండల్లో మంచు తెప్పించలేను గానీ, చికెన్ ఉంది, మైదా ఉంది, నేనున్నా కదా!

"పెండ్లిరోజుకు అత్తా మామా ఎట్లాగూ వస్తాండారు. ఆ పొద్దు రాత్రి వంట నాది" అని అందరి ముందర మాటిచ్చేసినా.

"వియ్యంకులు వస్తే సంగటి, కోడిపులుసు చేస్తే మర్యాద. నీకెందుకురా ఈ పని?" అనింది అమ్మ.

"లేదుమా. మాటిచ్చినా."

పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. సిగ్గు అనుకున్నా.

తీరా చూస్తే ఆ పొద్దే నాయన పడుగుకు గంజి పెట్టాల. పడుగంటే చీర పొడుగునా పోయే దారాలు. మగ్గం మీద తెగకుండా ఉండాలంటే వాటిని వీధి పొడుగునా సాగదీసి కట్టి, కుంచెతో గంజి పట్టించాల. ఎండ ముదరకముందే అయిపోవాల. అందుకని అమ్మ ముందురోజు సాయంత్రమే బియ్యప్పిండితో గంజి కాచి, రోంత నూనె కలిపి, డబర గిన్నెలో పోసి ఇంటి ముందర పంచలో పెట్టింది.

అమ్మ లేచిందంటే పొయ్యి నాకు దొరకదు. అందుకని నేను తెల్లారి అయిదింటికే లేచి సాసు చేసినా. వెన్న, మైదా, మూడు లీటర్ల పాలు, దంచిన మిరియాలు. ఆరుగురికి కదా! బాగా చల్లారాలని వీడియోలో చెప్పినారు. ఇంట్లో గాలి యాడిది? డబరలో పోసి, మూతపెట్టి, పంచలో పెట్టి చికెన్ తెచ్చేదానికి బజారుకు పోయినా.

మా ఇంట్లో డబరలు రెండూ ఒకే జత. పక్కపక్కనే పెట్టినా. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. ఆ పొద్దు నాకు రెండు డబరలు పక్కపక్కన కనపడితే ఆలుమగలు గుర్తొచ్చినారు గానీ, గంజి గుర్తు రాలేదు.

ఇంక మా నాయన సంగతి. ఆయన ముక్కుపొడి మనిషి. ఆ ముక్కుకు మల్లెపూలూ మురుగుకాలవా ఒకటే.

నేను చికెన్ తీసుకొని వచ్చేసరికి వీధిలో పడుగు కట్టి ఉండాది. నాయన కుంచె పట్టుకొని అమ్మ మీద అరుస్తాండాడు.

"ఏమే, గంజి వడగట్టలేదా? నల్లగా ఏందివి, పలుకులు?"

"గుడ్డలో వడగట్టినా! నీ ముక్కుపొడి రాలిందేమో చూసుకో!"

నాయన మూతి తుడుచుకొని మళ్లీ కుంచె ముంచినాడు.

పడుగు కింద మూడు పిల్లులు వరసగా కూర్చొని పైకి చూస్తాండాయి. ఒక కుక్క అయితే ఆ చివర దారాలు నాకుతాండాది. "థూ, పోండి!" అని నాయన కట్టె తీసుకొని ఆ చివరికి పరిగెత్తితే, ఈ చివర పిల్లి లేస్తాది. నేనేమో "ఈ పొద్దు లోకమంతా ఎంత ప్రేమగా ఉండాదో" అనుకుంటా లోపలికి పోయినా. అట్లాంటి వాణ్ణి నేను!

మధ్యాహ్నం పంచలో మిగిలిన డబర మూత తీసి చూస్తే, సాసు తెల్లగా, గట్టిగా పేరుకొని ఉండాది. వీడియోలో చెప్పినట్లే చిక్కబడింది! మిరియాలు కనపడలేదు. అడుక్కు దిగినాయేమో అనుకున్నా. చికెన్, క్యారెట్, బఠానీ ఉడికించి దాంట్లో కలిపి, ఆరు స్టీలు గిన్నెల్లో సర్ది, పైన మైదా రొట్టె మూతలు వేసినా. మా ఇంట్లో ఓవెన్ యాడుంది? సాయంత్రం సందు చివర మస్తాన్ భాయ్ బేకరీకి మోసుకొని పోయినా.

"ఏమప్పా, ఒక పప్సు చేసేదానికి ఇంత తిప్పలా?" అని నవ్వినాడు భాయ్. "సరే గానీ, లోపలిది రుచి చూసినావా?"

"లే భాయ్. మొదటి ముద్ద ఆమెదే కావాల."

"పాతికేండ్లుగా బన్లు చేస్తాండా. ఒకటి నోట్లో వేసుకోకుండా ట్రే బయటికి పంపలే నేను."

పాపం, ఆయనకు ప్రేమ సంగతి ఏం తెలుసు అనుకున్నా.

ఏడింటికి అందరం వరసగా చాపల మీద కూర్చున్నాం. నేను లైటు ఆపి కొవ్వొత్తి వెలిగిస్తే, మా అత్త "కరెంటు పోయిందా?" అని విసనకర్ర కోసం వెతుక్కునింది. గిన్నె తీసుకొని పోయి పద్మ ముందర పెట్టినా. బంగారు రంగు మూత. స్పూన్‌తో పొడిచింది. గుప్పున ఆవిరి! అచ్చం వీడియోనే! ఒక ముద్ద నోట్లో పెట్టుకునింది.

కండ్లు మూసుకునింది.

నా జన్మ ధన్యమైపోయింది అనుకున్నా. కానీ ఆ కండ్లు ఎంతకీ తెరుచుకోలేదు. కాసేపటికి భుజాలు ఎగరడం మొదలైంది. తర్వాత కండ్ల నుంచి నీళ్లు. స్పూన్ మాత్రం గిన్నెలో నిలువుగా నిలబడే ఉండాది, ఎవరూ పట్టుకోకుండా.

మా మామది ఎమ్మిగనూరు దగ్గర. ఆయన కూడా మగ్గం మనిషే. గిన్నెలో నుంచి రోంత తీసుకొని నోట్లో పెట్టుకోలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దినాడు. వేళ్లు విడదీసి, సాగేది చూసినాడు. మళ్లీ రుద్దినాడు.

"బావా, ఇది రోంత చూడు" అన్నాడు మా నాయనతో.

నాయన కూడా అట్లే రుద్ది చూసినాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గంజి శానా బాగా కుదిరింది అల్లుడా" అన్నాడు మామ, నిదానంగా. "సన్న నూలుకు సరిగ్గా సరిపోతాది. తినేదానికే, గంజిలో ఉప్పుండదు."

"ఇది నా గంజి!" అని లేచినాడు నాయన. "అట్లయితే పొద్దున నేను పడుగుకు పెట్టిందేంది?"

అందరూ నా దిక్కు చూసినారు.

"పాలు... వెన్న... మిరియాలు" అన్నా మెల్లగా.

"మూడు లీటర్ల పాలురా!" అని అమ్మ తల పట్టుకునింది. ఆ వెంటనే నాయన దిక్కు తిరిగి, "నా గంజిలో పలుకులంటివే!" అనింది.

అప్పుడు లేచింది పద్మ. లైటు వేసింది. గిన్నెలన్నీ ఏరుకొని పోయి, చికెన్ ముక్కలన్నీ జల్లెడలో వేసి, కొళాయి కింద చీర జాడించినట్ల జాడించింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కారం వేసి పావుగంటలో వేపుడు చేసింది. నా రొట్టె మూతల్లోకి నంజుకొని అందరూ బాగా తిన్నారు. పెండ్లిరోజు వంట నాదన్నా కదా! నేను చేసిన దాంట్లో మూతలొక్కటే పనికొచ్చినాయి.

చేతులు కడుక్కునే దగ్గర పద్మ నా పక్కన నిలబడి, "వీడియోలో ఆయమ్మ కండ్లు ఎందుకు మూసుకునిందో నాకిప్పుడు తెలిసింది" అనింది. మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. ఈసారి సిగ్గు అనుకోలేదు నేను.

పడుగు పాడైపోయిందేమోనని నాలుగు రోజులు నాయన మొహం చూడలేదు నేను. చిత్రమేమంటే, మగ్గం మీద దారం ఒక్కటీ తెగలేదు. "వెన్న మాదిరి నడుస్తాండాది" అని నాయనే అన్నాడు, నాతో కాదు, మగ్గంతో. ఆ పడుగు మీద నేసిన మొదటి చీర పద్మ అడిగి తీసుకునింది. ఇంకా ఉతకలేదు, ఉతకనంటాది.

అది కట్టుకున్న పొద్దు వీధిలోని మూడు పిల్లులూ ఆమె కాళ్ల చుట్టూనే తిరుగుతాంటాయి. కండ్లు మూసుకొని, కుచ్చిళ్లకు మొహం రుద్దుతా! నేను కోరుకున్న ప్రేమ మా ఇంటికి వచ్చిందప్పా, కాకపోతే పిల్లులకు.