తెరిచిన కిటికీలు, పెద్దబాపు పగడాలు

నవంబరు పదకొండు, మంగళవారం. ఆ పొద్దున కాలేజీకి పోతూ మా పెద్దబాపు ఇంటి ముందు ఆగిపోయాను. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. గోదావరిఖనిలో, ఓపెన్‌కాస్టు బొగ్గుగనికి అంత దగ్గరలో, దమ్ము, అంటే ఉబ్బసం, ఉన్న మనిషి ఇంట్లో ఎవరూ కిటికీలు తెరవరు. పెద్దమ్మ అసలే తెరవదు. లోపలి నుంచి ఏడుపు వినపడక ముందే, ఆయన పోయాడని నాకు తెలిసిపోయింది.

పెద్దబాపు మా నాన్నకు అన్న. భూగర్భ గనిలో గాలి ఎక్కడ ఆడుతోంది, ఎక్కడ ఆగిపోయింది చూడటం ఆయన డ్యూటీ. రిటైరయ్యాక ముందుగదిలో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టాడు. తొట్లలోనే పెంచి అమ్మే పగడపు ముక్కలు హైదరాబాదు నుంచి తెచ్చి అందులో నాటాడు. సముద్రానికి ఇంత దూరంలో ఇదెందుకని అడిగితే, "బొగ్గుల ఏ రంగుంటది బిడ్డా? గీ నీళ్లల్ల జూడు" అనేవాడు.

పగడాలు పెరగాలంటే నీళ్లలో కాల్షియం తరగకుండా ఉండాలి. అందుకోసం తొట్టె పక్కన ఒక నిలువు గొట్టం పెట్టి, దాని నిండా ఎండిన పగడపు గుల్లలు పోశాడు. చిన్న సిలిండరు నుంచి దాంట్లోకి ఒక్కొక్క బుడగగా బొగ్గుపులుసు వాయువు పోయేది. ఆ వాయువుకు గొట్టంలోని నీళ్లు పులిసి, గుల్లలు కరిగి, ఆ నీళ్లు చుక్కచుక్కగా తొట్టెలోకి దిగేవి. బొగ్గుపులుసు వాయువు అనే మాట నాకు ఆయన దగ్గరే దొరికింది. కార్బన్ డయాక్సైడుకు ఆయన చదివిన బడి పుస్తకాల నాటి మాట. ఇప్పటికీ అప్పుడప్పుడు నోట్లో పలికి చూసుకుంటాను.

చిక్కల్లా మిగిలిపోయిన వాయువుతోనే. అది కూడా తొట్టెలోకి పోయి పీహెచ్‌ను దించేసేది. ఎనిమిది పాయింట్ రెండు చూడాలని ఆయన కోరిక. మీటరు ఏడు పాయింట్ ఎనిమిది దాటేది కాదు. బుడగలు తగ్గిస్తే పగడాలు ఎదగడం మానేశాయి. పెంచితే మీటరు ఇంకా పడిపోయింది. మిగిలిన వాయువు ఖర్చు కావాలని గుల్లలు పోసిన రెండో గొట్టం పెట్టాడు. లాభం కొంచెమే.

ఆయన కూతురైన మా అక్క నిశ్చితార్థం నాడు ఇల్లంతా చుట్టాలే. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ వేళకు అలవాటుగా అందరం లేచి కిటికీలు మూసేశాం. దుమ్ము రాకూడదని ఈ ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన పని అది. భోజనాలు అయ్యేసరికి మీటరు మరీ కిందికి దిగిపోయింది. పెద్దబాపు చేతిలో ప్లేటుతో దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మనమే. మన ఊపిరే దిగుతంది నీళ్లల్లకు," అన్నాడు. "బొగ్గుబాయిల అందరి గాలి జూసినోన్ని, నా ఇంట్ల గాలి మరిచిన."

"అయితే ఏంది బావా, నీ పగడాల కోసం మమ్ముల ఊపిరి ఆపుమంటవా?" అని పెద్దమ్మ తమ్ముడు అడిగితే అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు, కళ్లు మాత్రం మీటరు మీదే ఉన్నాయి.

తరువాత వెనక గోడకు రంధ్రం కొట్టించి, నీళ్లలోకి గాలి కలిపి నురుగు తీసే పంపుకు సన్న పైపుతో బయటి గాలి అందించాడు. అంకె ఎనిమిదికి చేరి అక్కడే ఆగింది. ఇంకా పెరగాలంటే కిటికీలు తెరవాలి. తెరిస్తే దుమ్ము. దుమ్ము తగిలితే ఆయనకు దమ్ము.

రోజూ దాని మీదే ఇద్దరికీ పేచీ. "దానికి గాలి, నీకు దుమ్ము. ఏది గావాల్నో నువ్వే చెప్పు" అనేది పెద్దమ్మ.

"నేను బోయినంక తెరువు. ఎనిమిది పాయింట్ రెండు జూపియ్యకుంటె అడుగు" అన్నాడు ఒకసారి. ఆ మాటకు పెద్దమ్మ మాట్లాడటం మానేసింది. సాయంత్రం ఆయనే ఛాయ్ పెట్టి తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కిటికీల ఊసు మళ్లీ ఎత్తలేదు.

మంచం పట్టాక, నేను వెళ్లినప్పుడల్లా అంకె చదివి వినిపించమనేవాడు. సాయంత్రపు అంకె బాగుందని సంబరపడితే ఒప్పుకునేవాడు కాదు. రాత్రంతా చీకట్లో ఉన్న నీళ్లలో అంకె తెల్లవారేసరికి బాగా దిగిపోతుందట. "పొద్దుగాల లైటెయ్యక ముందు ఎంతుంటదో గదే అసలు లెక్క. పగటీలి అందరు మంచిగనే ఉంటరు." ఆ చివరి మాట నీళ్ల గురించేనని అప్పుడు అనుకున్నాను.

పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. పెద్దమ్మ ఆ పొద్దున తెరిచిన కిటికీలు ఇంకా మూయలేదు. బ్లాస్టింగ్ వేళకు నేను లేవబోతే చేత్తో వద్దని సైగ చేసింది. ఇవాళ సాయంత్రం మొదటిసారి తొట్టె వైపు చూసి, ఎంతున్నదని అడిగింది.

ఎనిమిది పాయింట్ రెండు అని చెప్పాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, "గిప్పటిది కాదు గద బిడ్డా. పొద్దుగాల జూడాలె," అంది.

రేపు పొద్దున తొట్టె లైట్లు వేయక ముందే వెళ్తాను. మీటరు చూసి, ఆ అంకె ఎంతైనా సరే, ఆమెకు వినపడేలా చదవాలి. తరువాత కిటికీ పక్కన ఆయన కుర్చీ మీద పేరుకుంటున్న నల్లటి పొడిని తడిగుడ్డతో తుడవాలి.