తోడల్లుడి కొలత

మా తెనాలిలో ఒక మనిషి పచ్చి తుమ్మకర్రని తన కుళ్ళుతోనే ఆరబెట్టాడు. దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుని తోడల్లుణ్ణి తలుచుకునేవాడు, అంతే. కర్రలోంచి ఆవిరి లేచేది. నీడలో పేర్చి నెలల తరబడి ఆరనివ్వాల్సిన దూలాలు వారం తిరిగేసరికి వేలితో కొడితే గంటలా మోగాయి.

సరే, ఆవిరి అన్నది కొంచెం ఎక్కువే. అవి రోహిణి కార్తె రోజులు, ఎండ కూడా ఓ చెయ్యి వేసి ఉంటుంది. ఆ కర్ర అంతకుముందే చెరుకుపల్లిలో ఎవరి పొలం గట్టునో చాలాకాలం కొట్టి పడేసి ఉందని కూడా తర్వాత తెలిసింది. కానీ అదే ఎండలో మా ఆవిడ పెట్టిన వడియాలు మెత్తగానే ఉండిపోయాయి. దానికేమంటారు? అబద్ధం ఆడకూడదని కాన్వెంటులో సిస్టర్లు నాకు మోకాళ్ళమీద నిలబెట్టి మరీ నేర్పారు. అయితే నేర్పింది ఇంగ్లీషులో. తెలుగులో నాకు కాస్త వెసులుబాటు ఉంది.

ఆ మనిషి పేరు శివనాగరాజు. మా పక్కింటివాడు, వడ్రంగి, యాభై దాటినవాడు. చేతిపని శుభ్రంగా ఉంటుంది. అతను బిగించిన తలుపు మూస్తే చప్పుడు రాదు. "దొంగలకి ఎంత సాయం చేస్తున్నావయ్యా" అని నేను ఏడిపిస్తుంటాను. ఇన్నేళ్ళూ అతని పనంతా వీధి అరుగు మీదే. వాన వస్తే సగం చెక్కిన మంచంకోడు చంకన పెట్టుకుని లోపలికి పరుగెత్తేవాడు. దానికతను ఏనాడూ బాధపడలేదు, రేపల్లెలో ఉండే తోడల్లుడు రమేష్ బాబు పెరట్లో కర్రల షెడ్డు వేసేదాకా.

ఇద్దరూ పని నేర్చుకున్నది బాపట్లలో, ఒకే గురువు దగ్గర. ఆ గురువే తర్వాత ఇద్దరికీ పిల్లనిచ్చాడు. పెద్దమ్మాయి ప్రసూన రమేష్ బాబుకి, చిన్నమ్మాయి భ్రమరాంబ మనవాడికి. ఆయన పోయాక పనిముట్ల పెట్టె మిగిలింది. బాడిస, ఉలులు, చిత్రికలు, అన్నిటి పిడులూ ఆయన అరచేతి ఆకారానికి అరిగిపోయినవి. సంవత్సరీకం నాడు అత్తగారు అంకాలమ్మ అల్లుళ్ళిద్దరినీ కూర్చోబెట్టి తేల్చి చెప్పింది.

"పెట్టె నా మంచం కింద ఉంది. ఇది అరుగుల మీద, వానల్లో ఉండాల్సింది కాదు. పద్ధతిగా పనిచోటు కట్టుకున్న అల్లుడింటికి నేనే తెచ్చిస్తా. ముందు వచ్చి కూర్చుని చూస్తా, నచ్చితేనే."

ఏడాదిపాటు ఇద్దరూ కదల్లేదు. తర్వాత ఒక పొద్దున కుటుంబం వాట్సాప్ గ్రూపులో రేపల్లె నుంచి వీడియో వచ్చింది. స్తంభాలు, దూలాలు, వాసాలు, పైన కొత్త పెంకు, మధ్యలో చేతులు కట్టుకుని రమేష్ బాబు. శివనాగరాజు దాన్ని ఎన్నిసార్లు చూశాడంటే మా గోడ మీద పడుకునే పిల్లికి కూడా రమేష్ బాబు గొంతు గుర్తే.

"స్తంభాలు చూడవే, అగరొత్తుల్లా ఉన్నాయి" అన్నాడు భార్యతో. మా పెరట్లోకి అన్నీ వినిపిస్తాయి.

"బాగుంటే బాగుందనొచ్చుగా. మా బావగారు మీ కంచంలో చెయ్యి పెట్టారా ఏంటి?"

"పెట్టె పట్టుకుపోతాడే! మావయ్య బాడిస!"

"మీకు లేవా బాడిసలు?"

"ఉన్నాయి. కానీ నేను పని నేర్చుకుంది దాంతో."



ఆ వారంలోనే అతను ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్ళాడు, ఊరికే చూసొస్తానని. అక్కడ జరిగింది నాకు ప్రసూన చెప్పింది. తక్కువైన చోట నేను కలిపాను.

రమేష్ బాబు ఎదురొచ్చి "రా తమ్ముడూ, రా" అని భుజం మీద చెయ్యేశాడు. పెసరట్టు పెట్టించాడు, అల్లప్పచ్చడి రెండోసారి వేయించాడు. పెట్టినకొద్దీ శివనాగరాజుకి మండింది. ఎందుకంటే షెడ్డు నిజంగానే బాగుంది. లోపల నిలబడితే ఎత్తూ పొడవూ ఎక్కడా మనిషిని నొక్కట్లేదు, ఎక్కడా వదిలెయ్యట్లేదు. కొలత పూర్తి అడుగుల్లో కాకుండా అంగుళాలతో సహా చూసి వేసినట్టుంది. అప్పుడు అతనికి పాడు ఆలోచన ఒకటి పుట్టింది. మావయ్య పోయేముందు ఈ కొలత ఈయన చెవిలో చెప్పి ఉంటాడు. నాకు చెప్పలేదు.

రమేష్ బాబు అటు వెళ్ళగానే సంచిలోంచి పురికొస తీశాడు. ఈ చివరి స్తంభం నుంచి ఆ చివరి స్తంభానికి లాగి ముడి వేశాడు, అడ్డంగా లాగి ఇంకో ముడి. సరిగ్గా అప్పుడే ప్రసూన కాఫీ పట్టుకొచ్చింది.

"ఏంటి మరిదీ, ఆ తాడు?"

"మొలతాడు తెగిందొదినా. కొత్తదానికి కొలుచుకుంటున్నా."

"ఇంత పొడవా? తెనాలి మొత్తానికీ కలిపి ఒకటే మొలతాడా?"

తిరిగొచ్చిన మర్నాడే పెరట్లో చిక్కుడు పందిరి పీకించాడు. భ్రమరాంబ రెండు రోజులు మాట్లాడలేదు, అతను గమనించలేదు. చెరుకుపల్లి నుంచి తుమ్మకర్ర దిగింది. దాన్ని ఎలా ఆరబెట్టాడో ముందే చెప్పాను. ఒక్క మేకు కొట్టలేదు. ఒక కర్ర కొసని నాలుకలా చెక్కడం, రెండోదాని బెజ్జంలోకి దిగ్గొట్టడం, అడ్డంగా కర్రచీల బిగించడం, అంతా మామగారి పద్ధతి. పొడవూ వెడల్పూ పురికొస ప్రకారం, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఎత్తు మాత్రం మూరెడు ఎక్కువ.

"బాబాయ్‌గారూ, రేపల్లెది చూసినోళ్ళు ఇది చూస్తే ఏమంటారండి?" అని గోడ మీంచి నన్ను అడిగాడు.

"ఈ ఎండకి ముందు మంచినీళ్ళు అడుగుతారయ్యా."

అత్తగారు రానే వచ్చింది. బాపట్ల నుంచి రైల్లో, తోడు ప్రసూన, పెట్టె మొయ్యడానికి రమేష్ బాబు. రేపల్లె షెడ్డు ఆవిడ అప్పటికే చూసి "బాగుంది, తెనాలిది కూడా చూసి చెప్తా" అందట. అందుకే రమేష్ బాబు పెట్టెని కింద పెట్టకుండా, తిరుగు ప్రయాణంలో కూడా తనే మోస్తాననే ధీమాతో పట్టుకుని నిలబడ్డాడు. నేను గోడ దగ్గర కుర్చీ వేసుకున్నాను.

అంకాలమ్మ షెడ్డు నడిమధ్య పీట వేయించుకుని కూర్చుంది. స్తంభాన్ని అరచేత్తో తడిమింది. అతుకుల్లో గోరు దూరుతుందేమో చూసింది. దూరలేదు.

"కర్ర మంచిది. కూర్పు అచ్చం మీ మావయ్య చెయ్యి" అంది. శివనాగరాజు రమేష్ బాబు వంక చూసిన చూపుకి ఇంకో దూలం ఆరిపోయి ఉండేది. "పొడవెంత నాయనా? వెడల్పెంత?"

చెప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఏది కట్టినా ఆయం చూస్తారు. పొడవునీ వెడల్పునీ గుణించి, ఆ లెక్క యజమాని పేరుకీ నక్షత్రానికీ కుదిరేలా అంగుళాలు సరిచేస్తారు. ఒకరికి కలిసొచ్చే కొలత మరొకరికి కలిసిరాదు. ఇది ప్రతి వడ్రంగికీ తెలుసు. శివనాగరాజు పదిమందికి చూసి పెట్టినవాడే.

"ఎవరి పేరున కట్టావు?" అంది ఆవిడ కళ్ళు తెరిచి.

"నా పేరునే అత్తయ్యా."

"కాదే! ఇది పెద్దల్లుడి ఆయం. అంగుళాలతో సహా అదే. నేనే లెక్క కట్టి అతనికి ఫోన్లో చెప్పా. నువ్వూ ఫోన్ చేస్తే నీదీ చెప్పేదాన్నిగా?"

ప్రసూన ఒక్కసారిగా నవ్వేసింది. "అమ్మా, మొలతాడు!" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

రమేష్ బాబు గొంతు సవరించుకున్నాడు. "పోన్లే తమ్ముడూ. నా పేరున రెండో షెడ్డు వేసిపెట్టావు. మంచం కూడా ఒకటి వేయించు, అప్పుడప్పుడూ వచ్చి పడుకుంటా."

శివనాగరాజు ముఖం చూడలేకపోయాను. అంటే, చూశాను.

"పెట్టె ఇక్కడ దించలేను" అంది అంకాలమ్మ. "కూర్పు చూస్తే నీకే ఇవ్వాలనుంది. పొడవులో జానెడు తగ్గించు, నీకు కుదురుతుంది. లేదా మూరెడు పెంచు."

"పెంచుతా!" అన్నాడు వెంటనే. తీరా చూస్తే ఒక పక్క మురుగుకాలవ, ఇంకో పక్క నా గోడ.

"బాబాయ్‌గారూ, మీ గోడ ఒక్క మూరెడు..."

"గోడ జరిగితే మా బాత్రూం మీ షెడ్డులోకి వస్తుందయ్యా. నాకు అభ్యంతరం లేదు, మా ఆవిడ ఒప్పుకోదు."

ఇక మిగిలింది తగ్గించడమే. తగ్గిస్తే రేపల్లె షెడ్డు పెద్దదవుతుంది, ఎప్పటికీ. తగ్గించకపోతే మావయ్య బాడిస రేపల్లె వెళ్ళిపోతుంది, ఎప్పటికీ. ఆ మధ్యాహ్నం అతను అన్నం ముందు కూర్చుని లేచాడు. దూలం కింద నిలబడి తలెత్తి చూశాడు. పెట్టె దగ్గరికెళ్ళి మూత మీద చెయ్యి పెట్టాడు. మళ్ళీ దూలం దగ్గరికొచ్చాడు. అత్తగారు తొందరపెట్టలేదు. "అయ్యేదాకా ఇక్కడే ఉంటా. తగ్గించనంటే పొద్దున్నే బండెక్కుతా" అని కూతురితో బియ్యం ఏరుతూ కూర్చుంది.

పొద్దున్నే కర్రచీలలు కొట్టిన చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. విప్పుతున్నాడు. మేకులు లేవు గనక విప్పడం కుదిరింది. పెద్ద రంపానికి రెండోవైపు మనిషి కావాలి. రమేష్ బాబు లుంగీ పైకి కట్టి వచ్చి పట్టుకున్నాడు, మహా ఉత్సాహంగా. ఉండదా మరి? జానెడు తెగిన కొద్దీ తన షెడ్డు పెద్దదవుతోంది.

"ఇంకొంచెం కోద్దామా తమ్ముడూ?"

"మీరు నోరు మూసుకుని లాగండి అన్నయ్యా."

మళ్ళీ నిలబెట్టారు. అంకాలమ్మ మళ్ళీ లెక్క చూసింది, తల ఊపింది. పెట్టె తెరిచి బాడిస తీసి శివనాగరాజు చేతికిచ్చింది. అతను దాని పిడి పట్టుకున్నాడు. వేళ్ళు వాటంతటవే వాటి చోట్లలోకి వెళ్ళిపోయాయి. అప్పుడు చూశాను రమేష్ బాబుని. అంతసేపూ నవ్వినవాడు అటు తిరిగి "రంపపొట్టు పడింది" అని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఈ మధ్య ఆయనే అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడని ప్రసూన ఫోన్లో చెప్పింది.

ఇదంతా రాసి, మర్యాదకి ముందు శివనాగరాజుకే చదివి వినిపించాను. బాడిసకి నూనె రాస్తూ చివరిదాకా విన్నాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదండి బాబాయ్‌గారూ" అన్నాడు. "నేను రేపల్లె వెళ్ళలేదు. ఏ తాడుతోనూ కొలవలేదు. మా అత్తయ్యకి లెక్కలే రావు. తోడల్లుణ్ణి చూసి నాకు కుళ్ళేంటండి, సొంత అన్నలాంటోడు? షెడ్డు మేం కొయ్యనే లేదు. కావాలంటే టేపు తెచ్చి కొలుచుకోండి, మాదే పెద్దది."